వర్తకమునందు ప్రతినిధి: నియామకము, మార్పు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్య, వివాహవ్యయము, వసతిగృహములు మున్నగు విషయములను గూర్చి విజ్ఞులు ప్రసంగించియున్నారు. నాకు నియమించిన విషయము వినుటకు శుష్కమైనది. వర్తకమునకు ప్రతినిధిని నియమించుట యెట్లు, మార్చుట యెట్లు అనునదే యది. అయినను ఇందలి అశ్రద్ధచే ఇల్లు, చేను, పరువు మూడును పోవచ్చును గావున మీ సావధానతను వేడుచున్నాను.

ప్రతినిధి మనకు క్రొత్తవాడు కాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా విభజించెను. కార్యమునంతయు తానే నిర్ణయించి నడుపగలవాడు నిసృష్టార్థుడు. మితమైన అధికారము గలవాడు పరిమితార్థుడు. ఇచ్చిన శాసనమును మోసికొనిపోవువాడు శాసనహరుడు. నేటి వకీళ్లు జనరల్, స్పెషల్ ముక్తారునామాలని చెప్పు భేదమునకు మూలభావ మిదియే. మన తీరమునందలి దుగరాజపట్నమున ఆంగ్లేయుల కంపెనీ 1626లో వర్తకస్థానము నెలకొల్పినపుడు స్థానికుడగు ఆరుముగ మొదలియారు తోడ్పడెను. ఆ తావునకు అర్మగాన్ అను పేరు ఆయననుబట్టియే వచ్చినదందురు. దూరపు యజమానికి స్థలజ్ఞుడు కావలయును. కాని ఎంత అధికారమిచ్చితిమో వ్రాతమూలకముగా నుండవలయును.

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనారిటీ తీరి, స్థిరచిత్తము గలవాడెవడైనను ప్రతినిధిని నియమించవచ్చును. ప్రతిఫల మక్కరలేదు. నోటిమాటయు చాలును. చిక్కంతయు మార్పునందే యున్నది. ఆ చట్టపు 208వ సెక్షనునకు ఇచ్చిన ఉదాహరణము వినుడు. చెన్నపట్టణపు వర్తకుడు బొంబాయి గిడ్డంగిలోని ప్రత్తిని అమ్ముమని ప్రతినిధికి జాబు వ్రాసెను. పిమ్మట ఆ యధికారమును రద్దుచేయుచు రెండవ జాబు వ్రాసెను. అది అందిన తరువాతను ప్రతినిధి ఆ సరకును బేరమాడి, సొమ్ము పుచ్చుకొని పరారియయ్యెను. కొన్నవాడు మొదటి జాబు నెరుగును, రెండవదాని నెరుగడు. అట్టివాడు చెల్లించిన సొమ్ము యజమానికి చెల్లినట్లే! ప్రత్తికి మారుగా మన రొయ్యలను, ఉప్పును, ధాన్యమును తలచుకొనుడు. రద్దు సంగతి ప్రతినిధికి తెలియుట చాలదు. అతనితో లావాదేవీలు నడపువారికిని తెలియవలయును.

మరియొక మెలిక. మేతకును, విత్తనమునకును పెట్టుబడిపెట్టి, సరకు నమ్మి అందుండి బాకీ రాబట్టుకొనుటకు ఒప్పుకొన్న కమీషను వర్తకుని, అతని హక్కునకు భంగకరముగా తొలగింపరాదు. అది 202వ సెక్షను. ముందు బాకీ తీర్చి, పిదప తొలగింపవలయును. యజమాని మరణించిన అధికారము ముగియును. కాని ఆ వార్త అందువరకు జరిగిన పనులు చెల్లుబాటగును. వితంతువులగు సోదరీమణులు దీనిని ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలయును. లెక్కలడిగిన ప్రతినిధి చూపితీరవలయును.

సర్కారు రికార్డులందు నమోదైన చిరునామా వేరొక విషయము. భాగస్వామి విరమించిన యెడల, రిజిస్టరైన సంస్థకు 1932 చట్టప్రకారము రిజిస్ట్రారునకు తెలిపి, గెజిటునందును, జిల్లాలో చెల్లు దేశభాషాపత్రికయందును ప్రకటింపవలయును. కంపెనీకి రిజిస్టర్డ్ కార్యాలయము మారిన 30 దినములలో తెలుపవలయునని 2013 చట్టపు 12వ సెక్షను. విదేశీ కంపెనీ ఈ దేశమున నోటీసులు పుచ్చుకొను నివాసి పేరును ఇయ్యవలయునని 380వ సెక్షను. అమెరికా రాష్ట్రములందును కంపెనీలకు 'రిజిస్టర్డ్ ఏజెంటు' ఉండితీరవలయును. అచ్చట వ్యాపారములు చేయు మన బిడ్డలు ఇది మరువరాదు.

ఇదంతయు ఏల? సమను నమోదైన చిరునామాకు పోవును. అది అందినట్లు తేలి, మనము హాజరుకానిచో ఏకపక్ష డిక్రీ కలుగవచ్చును. దానిని తొలగింపుమని కోరుటకు డిక్రీనాటినుండి 30 దినములే గడువు. సమను సక్రమముగా అందనిచో డిక్రీ తెలిసిన నాటినుండి. నేడు పన్నుల నోటీసులు పోర్టలునకును, ఈమెయిలునకును వచ్చుచున్నవి. ఎన్నడో మానిపోయిన గుమాస్తా ఫోను నంబరు రికార్డులో నిలిచియున్నచో నోటీసు మన కంటబడదు, గడువు గడచిపోవును.

కావున మార్పునకు క్రమ మిది. క్రొత్తవానిచే అంగీకారపత్రము వ్రాయించుకొనుడు. పాతవానికి తగినంత ముందుగా తెలుపుచు, అందినట్లు రసీదు వచ్చునట్లు నోటీసు పంపుడు. చెక్కుపుస్తకములు, ముద్ర, డిజిటల్ సంతకము, పాస్‌వర్డులు స్వాధీనపరచుకొనుడు. బ్యాంకునకును, బేరగాండ్రకును తెలుపుడు. ఆ వెంటనే రిజిస్ట్రారు, జీఎస్టీ రికార్డులు దిద్దించుడు. జీఎస్టీకి గడువు 15 దినములు.

కొందరు "మనవాడే గదా, కాగితమేల?" అందురు. మనవాడు కాబట్టియే కాగితము కావలయును. అది అపనమ్మకమునకు గుర్తు కాదు, స్నేహమునకు కంచె. బంధువుల మధ్య వ్యాజ్యములు సాధారణముగ దురాశవలన గాక, అస్పష్టతవలననే మొలకెత్తును. ఇట్టి వ్యాజ్యమున గెలిచినవాడును ఒక అన్నను, ఒక తమ్ముని పోగొట్టుకొనును.

కడపట నాదొక మనవి. ఏటేట మహాసభనాడు ఒక మేజ ప్రత్యేకించి, వకీలును, ఆడిటరును కూర్చుండబెట్టి, ప్రతి సభ్యుడు తన వర్తకపు పేర్లు, చిరునామాలు సరిచూచుకొనునట్లు సంఘమువారు ఏర్పాటు చేయవలయును. దీనికి పెద్దవ్యయ మక్కరలేదు. ఇంతటితో విరమించుచున్నాను.