ఒక్క పౌండుకే ఇల్లు

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగర కౌన్సిల్ 2013లో ఒక పథకం మొదలుపెట్టింది. పాడుబడిన ఇల్లు, ధర ఒక్క పౌండు!

నగరంలోని వేవర్‌ట్రీ ప్రాంతపు వీధుల్లో అప్పటికే ఎన్నో ఇళ్లు కిటికీలకు చెక్కలు కొట్టేసి, ఖాళీగా పడి ఉన్నాయి. షరతులు గట్టిగానే ఉండేవి. కొనేవాళ్లకు అదే మొదటి ఇల్లు అయి ఉండాలి. మరమ్మతు ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. కనీసం ఐదేళ్లు అందులోనే కాపురముండాలి. పైకప్పు కారి, గోడలు చెమ్మెక్కిన ఇంటిని నిలబెట్టడానికి వేల పౌండ్లు అయ్యేవి. అయినా జనం ముందుకొచ్చారు.

అదే నగరంలో గ్రాన్‌బీ ప్రాంత వాసులు ట్రస్టుగా ఏర్పడి, కౌన్సిల్ నుంచి పది ఇళ్లు తీసుకుని బాగుచేయించారు. వారితో కలిసి పనిచేసిన అసెంబుల్ అనే వాస్తుశిల్పుల బృందానికి 2015లో టర్నర్ బహుమతి దక్కింది. కళాకారులకిచ్చే ఆ బహుమతి ఇళ్ల బాగుకు రావడం ఎంత మంచి మాట!

మరి ఖాళీ ఇంటి యజమానే కదలకపోతే? ఏడాదికి మించి ఖాళీగా, సామాను లేకుండా ఉన్న ఇంటికి 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు రెట్టింపు పన్ను వేయవచ్చు. పదేళ్లు దాటితే నాలుగింతలు. 2004 గృహ చట్టం ఇంకో అధికారమిచ్చింది: ట్రిబ్యునల్ అనుమతిస్తే, హక్కు యజమానిదిగానే ఉంచి, కౌన్సిలే ఇంటిని బాగుచేయించి అద్దెకివ్వవచ్చు. ఖర్చును అద్దెలోంచి రాబట్టుకుంటుంది. ఈ అధికారాన్ని చాలా అరుదుగానే వాడుతున్నారు. ఇల్లు లేనివాళ్లు ఎదురుచూస్తున్న ఊళ్లలో దీన్ని ఇంకా ధైర్యంగా వాడాలి.