ఇల్లు మారేటప్పుడు పార, కొడవలి, గునపం జాగ్రత్త

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



వార్డులో ఉన్న మీవారికి అన్నం తినిపించి, మందులు వేయించి, కాస్త తీరిక చేసుకొని ఇక్కడ కూర్చున్నారు. ఈ రోజు మనం మాట్లాడుకునేది జ్వరం గురించో, షుగరు గురించో కాదు. ఇల్లు మారేటప్పుడు పెరటి పనిముట్లను ఎలా కట్టాలి, ఎలా తీసుకువెళ్ళాలి అన్నది. "ఇది నర్సమ్మ చెప్పే విషయమా?" అని మీకు అనిపించవచ్చు. తెగిన చేతికి కట్టు కట్టేది మేమే కనుక, మేము చెప్పవలసిన విషయమే.

పెరట్లో పనిచేసేటప్పుడు కొడవలి పట్టిన మనిషికి పదును ఏ వైపు ఉందో తెలుసు. ఇల్లు మారే రోజు అలా కాదు. అదే కొడవలి గోనెసంచిలో చీపుర్లతో, చేదతాడుతో కలిసిపోతుంది. ఆ సంచి ఎత్తే పిల్లవాడికి గానీ, దించే కూలి మనిషికి గానీ లోపల ఏముందో తెలియదు. పైగా మనవాళ్ళు తెల్లవారుజామున ముహూర్తం చూసుకొని పాలు పొంగిస్తారు. అందుకని రాత్రివేళ, చాలీచాలని వెలుతురులో, హడావిడిగా సామాను ఎక్కిస్తారు. పాలు పొంగించడానికి పారతో, గొడ్డలితో పనిలేదు కదా! వాటిని మరునాడు పగటిపూట తీసుకువెళ్ళండి. సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.

మూడు మాటలు గుర్తుపెట్టుకోండి: పదును బయట ఉండకూడదు, కట్ట కదలకూడదు, లెక్క తప్పకూడదు.

కట్టే ముందు

మూలన పడి ఉన్న పనిముట్ల కుప్పలోకి చెయ్యి పెట్టకండి. వాటి కింద తేళ్ళు, పాములు చేరుతాయి. ముందు పొడవాటి కర్రతో కదిలించి, ఒక్కొక్కటే బయటికి లాగండి. కాళ్ళకు చెప్పులు ఉండాలి. మట్టి కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇనుముకు పలుచగా నూనె రాయండి. పిడికి మాత్రం నూనె అంటనివ్వకండి, చేతిలోనుంచి జారిపోతుంది. గొడ్డలికి, పారకు కామ వదులుగా ఉంటే చీలిక కొట్టి బిగించండి, లేదా కామ తీసి విడిగా కట్టండి.

పదును కప్పే విధానం

కొడవలికి, రంపానికి పాత నీళ్ళ పైపు ముక్కను పొడవునా చీల్చి పదును మీద తొడగండి. పైన సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి కట్టండి. గొడ్డలి, పార అంచులకు అట్టముక్కను రెండు మూడు మడతలు వేసి, పైన గోనెపట్టా చుట్టి పురికొసతో బిగించండి. గునపం మొనను ఎండు కొబ్బరి డొక్కలోకి గుచ్చి కట్టవచ్చు. కొమ్మలు కత్తిరించే కత్తెర మూసి, నోరు తెరుచుకోకుండా తాడు చుట్టండి. వట్టి గుడ్డ ఒక్కటే చుడితే చాలదు, పదును దాన్ని కోసుకొని బయటికి వస్తుంది.

పొడవాటి కామలన్నీ ఒకే వైపు ఉంచి, రెండు చోట్ల గట్టిగా కట్టండి. కట్టకు ఒక ఎర్రగుడ్డ ముక్క కట్టండి. చదువురాని వారికి కూడా అది జాగ్రత్త అని తెలుస్తుంది.

బండిలో పెట్టేటప్పుడు

కట్టను నిలబెట్టకూడదు. ట్రాలీ ఆటోలో గానీ, ట్రాక్టరులో గానీ అడుగున, పొడవునా పడుకోబెట్టి, పదును ముందు వైపు గోడకు ఆనేటట్లు ఉంచి, పక్క కొక్కేనికి తాడుతో కట్టండి. బ్రేకు వేస్తే కదలకూడదు. సామానుతోపాటు వెనుక మనుషులు, ముఖ్యంగా పిల్లలు కూర్చోకూడదు. మోటారు సైకిలు మీద వెనుక కూర్చున్నవారు గునపాన్ని అడ్డంగా పట్టుకొని వెళ్ళడం మనం చూస్తూనే ఉంటాం. అది వారికీ ప్రమాదమే, ఎదురు వచ్చేవారికీ ప్రమాదమే.

పురుగుమందులు, గడ్డిమందులు

వీటిని బియ్యం, పప్పులు, గిన్నెలతో కలిపి పెట్టవద్దు. డబ్బా కారుతోందని కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయవద్దు. దాహం వేసిన పిల్లవాడు అది మందని ఎలా తెలుసుకుంటాడు? పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడు లేదు, ఒక్క గుక్క ప్రాణం తీయగలదు. మందును దాని అసలు డబ్బాలోనే, పేరున్న కాగితం చిరగకుండా, మూత బిగించి, విడిగా ఒక బకెట్టులో నిలువుగా ఉంచి తీసుకువెళ్ళండి. ఎవరైనా పొరపాటున తాగితే బలవంతంగా వాంతి చేయించకండి. ఆ డబ్బాను కూడా తీసుకొని వెంటనే ఆసుపత్రికి రండి.

గాయమైతే

శుభ్రమైన గుడ్డతో గాయం మీద 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. ఆగిందో లేదో అని మధ్యమధ్య తీసి చూడకండి. చిన్న గాయమైతే రక్తం ఆగాక సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. కాఫీపొడి, పసుపు, సున్నం, పేడ పెట్టవద్దు. లోపల గుచ్చుకొని ఉన్నదాన్ని ఇంటి దగ్గర పీకవద్దు. రక్తం ఆగినా సరే, వేలు వంగకపోయినా, చాచలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా లోపల నరమో, కండర బంధమో తెగి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి రావాలి.

వేలు పూర్తిగా తెగిపడితే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి తీసుకురండి. వేలును నేరుగా ఐసులో వేయకూడదు. అవసరమైతే 108కి ఫోను చేయండి.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ క్రిములు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. తళతళలాడే పారతో తగిలిన గాయానికి కూడా రావచ్చు. మట్టి అంటిన గాయమైతే, చివరి సూది వేయించుకొని 5 సంవత్సరాలు దాటినవారు మళ్ళీ వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ మాటే డాక్టరుగారితో చెప్పండి.

చివరగా లెక్క

ఆపరేషన్ గదిలో మేము కత్తెరలు, సూదులు, గాజుగుడ్డలు మొదలుపెట్టే ముందు లెక్కపెడతాం. కుట్లు పూర్తయ్యేలోగా మళ్ళీ లెక్కపెడతాం. ఒక్కటి తక్కువైనా వెతకనిదే ఊరుకోం. మీరూ అలాగే ఒక కాగితం మీద రాసుకోండి: పారలు 2, కొడవళ్ళు 3, గొడ్డలి 1. కొత్త ఇంట్లో దించిన వెంటనే సరిచూడండి. తక్కువైన కొడవలి పరుపుల మధ్యో, బట్టల మూటలోనో ఉండవచ్చు. అది దొరికేదాకా ఆ మూటల దగ్గరికి పిల్లలను పోనివ్వకండి. ఈ బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. "నువ్వు చూస్తావని నేను, నేను చూస్తానని నువ్వు" అన్నట్లు కాకూడదు.

కొత్త ఇంట్లో వాటిని తలుపు వెనుక ఆనించి పెట్టకుండా, పిల్లలకు అందని ఎత్తులో గోడకు తగిలించండి. పురుగుమందులకు తాళం వేయండి.

ఒక పాత పైపు ముక్క, కొంచెం గోనెపట్టా, ఒక గజం తాడు, అరగంట సమయం. ఖర్చు ఇంతే. తెగిన చేతి కండర బంధం కుట్టిన తర్వాత ఆ చెయ్యి మళ్ళీ బరువు పనికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో అన్ని రోజులు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇల్లు మారబోయే మీ ఇరుగుపొరుగు వారికి కూడా ఈ మాటలు చెప్పండి.