లెక్క అడిగిన డాక్టరు
(కంబదూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు రావలసిన వాళ్లలో చాలామంది ఇవాళ బెంగళూరులో సిమెంటు మోస్తున్నారు. కరువు గురించి కంబదూరుకు మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. వాళ్లు ఊరిడిచి ఎందుకు పోవాల్సి వచ్చిందో పుస్తకంగా రాసిపెట్టిన ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం.

డాక్టర్ ఎం.వి. రమణారెడ్డిది ప్రొద్దుటూరు. చదివింది వైద్యం. కథలు రాశారు, 'ప్రభంజనం' పత్రిక నడిపారు. 1983లో తెలుగుదేశం తరఫున ప్రొద్దుటూరు నుంచి శాసనసభకు గెలిచారు. కొత్త పార్టీ, కొత్త అధికారం. నోరు మూసుకొని కూర్చుంటే ఎంత సుఖం! ఆయన కూర్చోలేదు. పార్టీని వదిలి రాయలసీమ విమోచన సమితి పెట్టారు.

'రాయలసీమ కన్నీటి గాథ' పేరు చూసి అదేదో ఏడుపు పుస్తకం అనుకునేరు. సీమకు మాట ఇచ్చినవాళ్లను నిలదీసిన పుస్తకం అది. ఏమిటా మాట? 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల వాడకంలో పదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, 1956 నవంబరు 1న పోయింది. మూడేళ్ల ముచ్చట! హంద్రీ–నీవా నీళ్లు మన జిల్లాను తాకింది 2012లో. అప్పటికి ఒడంబడికకు 75 ఏళ్లు.

ఉద్యమం చేసేవాడికి సాహిత్యమెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఫ్రెంచి ఖైదీ హెన్రీ షారియర్ ఆత్మకథ 'పాపియాన్'ను 'రెక్కలు చాచిన పంజరం'గా తెలుగు చేసింది ఈ డాక్టరే. 'టూకీగా ప్రపంచ చరిత్ర' రాసిందీ ఈయనే. సీమవాడు సీమ గోడు తప్ప ఇంకేం రాస్తాడులే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

అలాగని మేము ఆయనతో అన్నింటా ఏకీభవించం. సమితి పల్లెల్లో వేళ్లూనలేదు. ఒక్క మనిషి చుట్టూ తిరిగే ఉద్యమం ఆ మనిషి అలసిపోతే ఆగిపోతుంది. 2021 సెప్టెంబరులో ఆయన పోయారు. సంతాప సభలు పెట్టాం, దండలు వేశాం. పుస్తకం మాత్రం తెరవలేదు.

అంతెందుకు, మన అనంతపురం నవలాకారుడు బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే చప్పట్లు కొట్టాం. కొని చదివిన వాళ్లెవరో ఇక్కడ చేతులెత్తండి.

ఉద్యోగ మిత్రులకు ఒక్క విన్నపం. తలా ఒక ప్రతి కొని హాస్టలు పిల్లలకు ఇవ్వండి. ఒడంబడికలో నీళ్ల మాట ఎక్కడుందో ఆ పిల్లలు వేలుపెట్టి చూపించాలి. వచ్చే నవంబరు 16న ఇక్కడే కలుద్దాం. ఆరోజు మైకు వాళ్లకే.