భూమిని గుంజుకుంటే దొంగతనం కాదట!

(నందిపేట్‌లో లా పరీక్ష రాయబోయే విద్యార్థుల ఆదివారం క్లాసులో చేసిన ప్రసంగం)



నేను వకీలును కాను, బడిపంతులును. అయినా పుస్తకం ఎట్ల చదవాలో చెప్పగలను. ఇయ్యాల ఆస్తి నేరాలు, టార్టులు. వాడకట్టు పెద్దలు కూడ వచ్చిండ్రు. మంచిదే, ఇది వాళ్ల బతుకుల లెక్కనే.

ముందు అంకెల సంగతి. 1860 నాటి పీనల్ కోడ్ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 378 దొంగతనం ఇప్పుడు 303. నేరం ఆ తేదీకి ముందు జరిగితే పాత సెక్షనే. కనుక రెండంకెలూ గుర్తుండాలె.

దొంగతనం అంటే ఏంది? వస్తువు చరాస్తి అయి ఉండాలె. వేరేవాళ్ల స్వాధీనంల ఉండాలె. వాళ్ల సమ్మతి లేకుండ, దుర్బుద్ధితోటి, దాన్ని కదిలించాలె. స్వాధీనం అన్న, సొంతం అనలేదు, చూసుకోండ్రి. కుదువ పెట్టిన గడియారాన్ని అప్పు కట్టకుండ మెల్లగ ఎత్తుకపోతే, గడియారం నీదే అయినా దొంగతనమే. ఆఫీసు ఫైలు ఒక్కరోజు ఇంటికి తీసుకపోయి మళ్ల తెచ్చి పెట్టినా దొంగతనమే అని ప్యారేలాల్ భార్గవ కేసుల సుప్రీంకోర్టు 1962ల చెప్పింది. ఈ కేసు రాస్తే మార్కులు పడతయి.

ఇప్పుడు మన పసుపు చేనుకు రాండ్రి. భూమిల ఉన్న కొమ్ము చరాస్తి కాదు. తవ్వి నేల నుంచి విడదీసిన క్షణం చరాస్తి అయితది. కూలికి పోయిన తల్లి కొంగుల నాలుగు కొమ్ములు దొరికితే సెక్షన్ తయారుగ ఉన్నది. అదే ఆసామి గట్టు జరిపి మన రెండు గుంటలు కలుపుకుంటే? దొంగతనం కాదు, భూమి కదలదు కద! ఠాణాకు పోతే ‘సివిల్ తగాదా, కోర్టుకు పో’ అంటరు. కొమ్ముకు జైలు, భూమికి వాయిదాలు! కొత్త చట్టంల ఒక్క మాట కలిపిండ్రు: సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి అయి, సొత్తు గాని దాని విలువ గాని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష. ఇది మన కూలోళ్లకు తెల్వాలె.

‘సివిల్’ అన్న మాట విని ఇంటికి మర్రొద్దు. భయపెట్టాలని, నేరం చేయాలని మన చెల్కల అడుగు పెడితే 329, అక్రమ ప్రవేశం. పైరు పాడుచేస్తే 324. అన్నిటికన్నా గట్టిది 1989 అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి నుంచి అమలైన సవరణల ప్రకారం సెక్షన్ 3(1)(ఎఫ్) దళితుల భూమిని అక్రమంగ ఆక్రమించినా, దున్నినా నేరం అంటది. 3(1)(జి) ఇంక ముందుకు పోయి భూమి నుంచి వెళ్లగొట్టినా, నీళ్లకు అడ్డం పడ్డా, పంట నాశనం చేసినా, ఎత్తుకపోయినా నేరం అంటది. ఆరు నెలల నుంచి ఐదేండ్ల జైలు, జుర్మానా. పీనల్ కోడ్ వదిలేసిన సందును ఈ చట్టం మూసింది. అయితే 2020 హితేశ్ వర్మ కేసు కూడ చదువుండ్రి. ఇద్దరి మధ్య భూమి తగాదా ఉన్నంత మాత్రాన అట్రాసిటీ కాదు, కులం కారణం కావాలె అన్నరు. అవతలి వకీలు దాన్నే పట్టుకొస్తడు. అందుకే పట్టా, పహాణీ నకలు ముందే తీసి పెట్టుకోవాలె.

జుర్మానా అంటే యాదికొచ్చింది. మన జిల్లాల గ్రామాభివృద్ధి కమిటీలు జుర్మానాలు వేసుడు, కట్టకుంటే బహిష్కరణ పెట్టుడు మీకు కొత్త కాదు. భయపెట్టి సొమ్ము ఇప్పించుకుంటే 308, బలవంతపు వసూలు, ఏడేండ్ల దాక. దళితుల మీద బహిష్కరణ పెడతమని బెదిరించుడే 3(1)(జెడ్‌సి) కింద నేరం. ఐదుగురు కలిసి దోపిడీ చేస్తే బందిపోట్లు అంటది చట్టం. పదిమంది కచ్చీరుల కూచుని వసూలు చేస్తే పెద్దమనుషులు అంటది ఊరు.

టార్టుల ఒక్కటే చెప్త. చేన్ల అడుగు పెట్టుడే తప్పు, నష్టం రుజువు చేయకున్నా దావా నడుస్తది. సర్కారు మీద వేయొచ్చునా? పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకపోతే సర్కారుకు బాధ్యత లేదని కస్తూరిలాల్ కేసుల అన్నరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన నాగేంద్రరావు కేసు (1994)ల జప్తు చేసిన ఎరువులు ఖరాబైతే సర్కారే కట్టాలన్నరు. కోయిలకుంట్ల సబ్‌జైలుల బాంబు దాడికి చచ్చిపోయిన ఖైదీ విషయంల 2000ల చల్లా రామకృష్ణారెడ్డి కేసు తీర్పు కూడ సర్కారుకు ఎదురే. మూడూ వరుసగ రాయండ్రి.

వచ్చే ఆదివారం దీనికి జవాబు రాసుకొని రాండ్రి: ‘అ’ అనే దళిత స్త్రీ అసైన్డ్ భూమిల పసుపు వేసింది. ‘ఇ’ అనే ఆసామి రాత్రి గట్టు జరిపి, రెండు సాళ్లు తవ్వి, కొమ్ములు బండిల వేసుకపోయిండు. ఎన్ని నేరాలు? ఏ దావా? ఏ కాగితాలు?