పేరు తేలాకే పటం: తామర పురుగుల వర్గీకరణ, విస్తృతి

అధ్యక్ష స్థానం నుంచి ఒకే ఒక్క ప్రతిపాదన మీ ముందు పెట్టదలచుకున్నాను. తామర పురుగులు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటాలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ పటాల మీది ప్రతి చుక్క వెనుకా ఎవరో ఒకరు ఒక పురుగును సూక్ష్మదర్శిని కింద చూసి దానికి ఒక పేరు ఖాయం చేసి ఉంటారు. ఆ పేరు తప్పయితే చుక్క తప్పు. చుక్క తప్పయితే దాన్ని నమ్ముకుని చేలో చేసే పని కూడా తప్పు. వర్గీకరణ మ్యూజియం వాళ్ల పని, సస్యరక్షణ పొలం వాళ్ల పని అని రెండింటినీ విడదీసి చూడడం వల్ల మన ప్రాంతం ఇప్పటికే నష్టపోయిందని నా వాదన.

ముందు వర్గీకరణ సంగతి. లిన్నేయస్ 1758లో ఈ పురుగులన్నిటినీ థ్రిప్స్ అనే ఒక్క ప్రజాతిలో పెట్టాడు. 1836లో హాలిడే వీటిని థైసనోప్టెరా అనే ప్రత్యేక క్రమంగా వేరుచేశాడు. ఇవాళ పేరు పొందిన జాతులు 6,000 దాటాయి. అన్నిటికీ ఎడమ దవడ ఒక్కటే పెరుగుతుంది, కుడి దవడ పిండదశలోనే కరిగిపోతుంది. ఆ ఒక్క దవడతో కణాన్ని పొడిచి రసం పీల్చడమే వీటి బతుకు. అయితే ఉపక్రమాలు రెండు, వాటి మధ్య తేడా పొట్ట చివర కనిపిస్తుంది. టెరెబ్రాన్షియాలో ఆడ పురుగుకు రంపపు పళ్లున్న అవయవం ఉంటుంది. దానితో లేత కణజాలాన్ని కోసి గుడ్డును లోపల దాస్తుంది. ట్యూబులిఫెరాలో పొట్ట చివర గొట్టంలా ముగుస్తుంది, గుడ్లు ఆకు మీదో బెరడు మీదో బయటే ఉంటాయి. ఈ రెండో ఉపక్రమంలో ఉన్నది ఫ్లియోథ్రిపిడే అనే ఒక్క కుటుంబమే అయినా, మొత్తం జాతుల్లో సగానికి పైగా దాంట్లోనే ఉన్నాయి. వాటిలో చాలా మటుకు ఎండుకొమ్మల మీది బూజు తిని బతికేవి. ఇన్ని జాతులున్నా సముద్రాలు దాటి పంటల మీద పడినవి ఎక్కువగా టెరెబ్రాన్షియాలోని థ్రిపిడే కుటుంబానివే. కారణం ఆ రంపంలోనే ఉంది. అంటు మొక్కలో, కోసిన పూలలో, నారులో దాగిన గుడ్డు ఓడరేవులోని తనిఖీ అధికారి భూతద్దానికి చిక్కదు. పైగా జతకట్టని ఆడ పురుగు కూడా గుడ్లు పెడుతుంది, వాటి నుంచి మగవి పుడతాయి. కొన్ని జాతుల్లో మగ లేకుండానే ఆడవి పుడతాయి. కొత్త దేశంలో సంతతి నిలవడానికి కొద్దిపాటి పురుగులు చాలు. ట్యూబులిఫెరాలో ప్రపంచమంతా తిరిగిన గైనాయికోథ్రిప్స్ కూడా అలంకరణకు పెంచే మర్రి జాతి చెట్ల ముడుచుకున్న ఆకుల్లో దాక్కునే ప్రయాణించింది.

ప్రకృతి గీసిన సరిహద్దులు వేరు, వ్యాపారం గీసినవి వేరు. హెటెరోథ్రిపిడే కుటుంబం అమెరికా ఖండాలు దాటి ఎక్కడా సహజంగా లేదు. ఫ్రాంక్లినియెల్లా ప్రజాతి జాతుల్లో అత్యధికం మధ్య, దక్షిణ అమెరికాలవి. థ్రిప్స్ ప్రజాతికి దక్షిణ అమెరికాలో ఒక్క సహజ జాతీ లేదు. ఈ రెండు ప్రజాతుల పురుగులూ ఇప్పుడు రాయలసీమ వేరుశనగ చేలో ఒకే మొక్క మీద కలుస్తున్నాయి. 2000లో అనంతపురం జిల్లాలో వచ్చిన కాండం కుళ్ళు తెగులు సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. ఆ పంట దక్షిణ అమెరికాది, వైరస్‌కు నెలవైన వయ్యారిభామ అమెరికాది, ఆ వైరస్ ఉన్న పుప్పొడిని మోసిన పురుగుల్లో ఒకటైన ఫ్రాంక్లినియెల్లా షుల్జీ కూడా అక్కడిదే. ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో వచ్చి అనంతపురం ఎర్రనేలల్లో కలిశాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రైతుకు లాటిన్ పేర్లెందుకు, ఏ తామర పురుగైనా మందు ఒకటే కదా అని. వేరుశనగే దీనికి జవాబు. దానికి వచ్చే మొవ్వకుళ్ళు, కాండం కుళ్ళు తెగుళ్లు చూడడానికి దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండింటిలోనూ తామర పురుగుల ప్రమేయం ఉంది. కానీ మొవ్వకుళ్ళు వైరస్ పురుగు ఒంట్లో వృద్ధి చెందుతుంది. పిల్ల పురుగుగా ఉన్నప్పుడే దాన్ని పీల్చుకోవాలి, పెద్దయ్యాక తెగులు మొక్క మీద వాలినా ఆ పురుగు వైరస్‌ను వ్యాపింపజేయలేదు. కాండం కుళ్ళు వైరస్ పుప్పొడిలో ఉంటుంది. ఒంటికి అంటిన పుప్పొడి పురుగు గీరిన గాయం మీద రాలితే చాలు. మొదటిదానికి విత్తే అదను, మొక్కల సాంద్రత ముఖ్యం. రెండోదానికి వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేయడం ముఖ్యం. ఇక మొవ్వకుళ్ళును మోసే పురుగు ఫ్రాంక్లినియెల్లా షుల్జీ అని 1980ల తొలినాళ్లలో రాశారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జరిగిన తదుపరి పరిశోధనలు ఆ వైరస్ అంతకుముందు అనుకున్నట్టు టమాట మచ్చల వైరస్ కాదని, వేరొకటని తేల్చాయి. ప్రధాన వాహకం థ్రిప్స్ పాల్మీ అని నిర్ధారించాయి. పురుగు పేరు, వైరస్ పేరు రెండూ మారాక గానీ తెగులు కథ సరిగా అర్థం కాలేదు.

మిరప ఉదంతం ఇంకా తాజాది. మనకు తరతరాలుగా తెలిసిన మిరప తామర పురుగు స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్. లేత ఆకు మీద పడి పై ముడత తెస్తుంది. థ్రిప్స్ పార్విస్పైనస్ ఆగ్నేయాసియా పురుగు. కార్నీ 1922లో పేరు పెట్టాడు. మన దేశంలో 2015లో బెంగళూరు బొప్పాయి మీద ఉందని నమోదైంది. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప చేలల్లో పూలలో గుంపులు గుంపులుగా కనిపించింది. పూత రాలింది, కాయ వంకర తిరిగింది. రైతులు దీన్ని నల్ల తామర పురుగు అంటున్నారు. ఆడది ముదురు గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. కానీ దీని మగది పసుపు పచ్చనిది. రంగు మాత్రమే చూసి లెక్కపెట్టేవాడు పూలలో ఉన్న మగ పురుగులను పాత డోర్సాలిస్ ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. ఆకు మీది పురుగుకు అలవాటైన మందుల వరుసను పూలలో దాగిన పురుగు మీద ప్రయోగిస్తే ఖర్చు పెరుగుతుంది, పురుగు తగ్గదు. 2015కూ 2021కీ మధ్య ఆరేళ్లు గడిచాయి. పేరు తెలిసిన పురుగును జిల్లా జిల్లాలో వెతికే మనుషులు లేకపోయారు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించే విషయం.

డీఎన్‌ఏ పరీక్ష వచ్చాక రోమాలు లెక్కపెట్టే పని ఎందుకని మరికొందరు అడుగుతారు. డీఎన్‌ఏ చేసిన మేలు చిన్నది కాదు. జపాన్ నుంచి ఫ్లోరిడా దాకా ఒకే జాతిగా రాసుకున్న డోర్సాలిస్‌లో కనీసం 9 జాతులు దాగి ఉన్నాయని 2015లో వెలువడిన అధ్యయనం చూపింది. అంటే ఆ పురుగు విస్తృతి పటం ఒక్కటి కాదు, తొమ్మిది పటాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కానీ వాటిలో అసలు డోర్సాలిస్ ఏది? 1919లో హుడ్ కోయంబత్తూరు నుంచి అందిన పురుగులను చూసి ఆ పేరు పెట్టాడు కాబట్టి, ఆ నమూనాలతో సరిపోలినదే అసలుది. అది తేల్చాలంటే గాజు పలక మీది నమూనా దగ్గరికే పోవాలి. డీఎన్‌ఏ వరుసను పోల్చేది సమాచార నిధిలో ముందే ఉన్న వరుసతో. దానికి ఎవరో తప్పు పేరు తగిలించి ఉంటే యంత్రం ఆ తప్పునే తిరిగి చెబుతుంది. పాల్మీని ఉల్లి తామర పురుగైన టబాసీ నుంచి వేరుచేయాలంటే పురుగును క్షారంలో నానబెట్టి, ఆల్కహాల్‌లో నీరు తీసి, బాల్సంలో అమర్చి చూడాలి. పొట్ట రెండో ఖండం పక్క అంచున పాల్మీకి నాలుగు రోమాలు, టబాసీకి మూడు. మిల్లీమీటరు పొడవున్న పురుగులో ఆ ఒక్క రోమం తేడాను పట్టగల కళ్లు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

పంటకు కీడు చేసేవి నూటికి ఒకటో రెండో కదా, మిగతావాటి మీద శ్రమ దేనికన్నది చివరి అభ్యంతరం. ఇంటి మనుషులెవరో తెలిస్తేనే కొత్తగా వచ్చినవాడిని గుర్తుపట్టగలం. భారతదేశంలో 700 పైచిలుకు జాతులు నమోదయ్యాయి. టి.వి. రామకృష్ణ అయ్యర్, ఆ తరువాత మద్రాసు లొయోలా కళాశాల కేంద్రంగా టి.ఎన్. అనంతకృష్ణన్ వేసిన పునాది అది. ఆ జాబితాలో నల్లిని తినే స్కోలోథ్రిప్స్ వంటి మేలు పురుగులూ ఉన్నాయి. వాటిని గుర్తించనివాడు చీడపురుగుతో పాటు మిత్రుణ్ణి కూడా మందు కొట్టి చంపుతాడు.

అందుకే ఈ సదస్సు ఒక నియమం పెట్టుకోవాలని కోరుతున్నాను. ఇక మీద మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఏ తామర పురుగు గురించి ప్రచురించినా, ఆ పురుగు పలకలు, దాని డీఎన్‌ఏ వరుస, సేకరించిన ఊరు, మొక్క, తేదీల వివరాలతో ఏదో ఒక ప్రజా సంగ్రహాలయంలో భద్రపరిచి ఉండాలి. అవి లేని నివేదికను మన పత్రికలు అంగీకరించకూడదు. ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా చర్చకు పెడతాను.