చిత్తరువులో మిగిలిన దొర



స్కాట్లండు రాజధాని ఎడింబరోలో చిత్తరువుల జాతీయ ప్రదర్శనశాల ఉంది. అక్కడి నిలువెత్తు చిత్రాల్లో ఒకదాని గురించి ఈ రోజు చెప్పుకుందాం. చేతిలో తుపాకి, నడుముకు పటకాతో బిగించి భుజం మీదికి వేసుకున్న గళ్ళ ఉన్ని వస్త్రం, కాళ్ళకు మేజోళ్ళు. అలా నిలబడిన మనిషి కెన్నెత్ సదర్లండ్, మూడవ లార్డ్ డఫస్. 1712 ప్రాంతంలో ఆయన బొమ్మ వేసినవాడు రిచర్డ్ వెయిట్.

డఫస్ బ్రిటిష్ నౌకాదళంలో కెప్టెన్. 1711లో ఫ్రెంచివాళ్ళు ఆయన ఓడను పట్టుకున్నారు. ఆయన గాయపడి బందీ అయ్యాడు. అయినా ఈ చిత్రంలో సముద్రం ఊసు లేదు. ఉన్నది ఉత్తరాది కొండసీమ వేషం.

వెయిట్ దొరలనే కాదు, వారి కొలువులోని వాళ్ళనూ చిత్రించాడు. గ్రాంట్ వంశపు దొర కోసం 1714లో ఆ ఇంటి తిత్తి వాయిద్య విద్వాంసుణ్ణి, మరోసారి కోళ్ళు చూసుకునే ముసలమ్మనూ వేశాడు. ఆయన గీసిన ముఖాల్లో కొంత బిగుతు ఉంటుంది గాని, బట్ట మీది గళ్ళను మాత్రం ఓపికగా గీస్తాడు.

1714లో ఆన్ రాణి మరణించింది. జర్మనీ నుంచి వచ్చిన మొదటి జార్జి రాజయ్యాడు. దేశం వెలుపల ఉన్న స్టూవర్ట్ వంశీయుణ్ణి గద్దె ఎక్కించాలని 1715లో స్కాట్లండులో తిరుగుబాటు లేచింది. డఫస్ అందులో చేరాడు. అది విఫలమైంది. ఆయన బిరుదు పోయింది. స్వీడనుకు పారిపోయాడు, తర్వాత పట్టుబడి 1717 దాకా లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్నాడు. చివరికి రష్యా నౌకాదళంలో కొలువు చేశాడు.

1745లో మరో తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణిచాక, స్కాట్లండులో మగవాళ్ళు ఈ కొండసీమ దుస్తులు వేయరాదని 1746లో చట్టం చేశారు. దాన్ని 1782లో గాని ఎత్తివేయలేదు. డఫస్ బిరుదు 1826లో ఆయన మనుమడికి తిరిగి దక్కింది.

దొరతనం చాటడానికి వేయించిన బొమ్మ ఇప్పుడు వేరే పనికి వస్తోంది. నిషేధానికి ముందు ఆ బట్ట ఎలా కట్టేవారో చెప్పే సాక్ష్యాల్లో అది ఒకటి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ నమూనా అన్న మాట 19వ శతాబ్దంలో స్థిరపడిందే. అంతకు ముందటి గ్రాంట్ల చిత్తరువుల్లో అందరివీ ఒకే గళ్ళు కావు.

మన గోడల మీది తాతగారి ఫోటోలో తలపాగా చుట్టు, నాయనమ్మ చీర కట్టు కూడా అటువంటి సాక్ష్యాలే. వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచితే ముందు తరాలకు మేలు.