సోణుని వీణ, మన డప్పు: మనస్సుకు సంగీతం చేసే మేలు

 

సంగీతమూ ఇతర కళలూ మనిషి ఆరోగ్యానికి, మనశ్శాంతికి ఏ విధంగా తోడ్పడతాయో చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మన విహారాల్లో ఇది ఇప్పటికే వివాదంగా ఉన్న విషయం. పూర్ణిమ నాడు విహారంలో పాట పాడరాదు, శీలం దానిని నిషేధించింది అని కొందరి వాదన. డప్పు మన పాత దాస్యానికి గుర్తు, దానిని గడప దాటి లోపలికి రానివ్వరాదు అని మరికొందరి వాదన. రెండింటి వెనుకా నిజాయితీ ఉన్నది. అయితే ఈ వాదాల నడుమ మన యువకులు నోరు మెదపక కూర్చుంటున్నారు, మన వృద్ధులు ఒంటరిగా మిగులుతున్నారు. అందుచేత చరిత్ర బోధించే వారిగా మేము మూలాల నుండే మొదలుపెడతాము.

రాజగృహ సమీపాన సీతవనంలో సోణుడనే భిక్షువు సాధన చేస్తుండేవాడు. సంపన్న గృహంలో సుకుమారంగా పెరిగినవాడు. పట్టుదలతో చంక్రమణం చేసి చేసి అతని పాదాలు చిట్లి నెత్తురు కారాయి. ఇంత శ్రమించినా ఫలం కానరాక, ఇల్లు చేరుకొందామా అన్న నిస్పృహ అతనిని ఆవరించింది. భగవానుడు అతనిని మందలించలేదు. గృహస్థుగా ఉన్నప్పుడు నీవు వీణ వాయించేవాడివి కదా అని గుర్తుచేశాడు. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా నాదం పలకదన్న సంగతిని సోణుని నోటనే చెప్పించాడు. మనస్సుకు కూడా అదే శ్రుతి కావాలన్నాడు. అలసి కుంగిన ఒక మనస్సును నిలబెట్టడానికి తథాగతుడు ఎంచుకొన్న ఔషధం ఒక వాద్యకారుని అనుభవం. సంగీతాన్ని హీనంగా చూసేవాడు దానిని ధర్మానికి ఉపమానంగా తీసుకొంటాడా?

మరి శీలం మాట ఏమిటి? నృత్య గీత వాద్యాలకు దూరంగా ఉండాలన్న నియమం అష్టశీలంలో ఏడవది. భిక్షువులు ఎల్లప్పుడూ, ఉపాసకులు ఉపోసథ దినాన పాటించేది. గృహస్థులు నిత్యం స్వీకరించే పంచశీలంలో అది లేదు. ధర్మాన్ని రాగాలు తీస్తూ పాడితే వచ్చే దోషాలను భగవానుడు భిక్షువులకు చెప్పిన మాట నిజమే. స్వరయుక్తంగా పఠించడానికి వినయమే అనుమతించిన మాట కూడా అంతే నిజం. కాబట్టి ఉపోసథ దీక్ష తీసుకొన్నవారి నియమాన్ని గౌరవిద్దాం. పాటకు మరొక దినాన్ని కేటాయిద్దాం. ఇది తీరని చిక్కేమీ కాదు.

ఏ పాట మంచిదో తేల్చుకొనేందుకు తాలపుటుని సంభాషణ ఒక కొలబద్దను ఇస్తున్నది. అతడు నటబృందానికి నాయకుడు. ప్రేక్షకుల్లో రాగద్వేషమోహాలను పెంచే ప్రదర్శన హాని చేస్తుందని భగవానుడు అతనికి స్పష్టంగా చెప్పాడు. తాలపుటుడు భిక్షువు అయ్యాడు. అయినా అతని వాక్కు మూగబోలేదు. తన మనస్సుతో తాను మాట్లాడుతున్నట్లు సాగే అతని గాథలు థేరగాథల్లో నేటికీ ఉన్నాయి. థేరీగాథల్లో పటాచార స్వరం ఉన్నది. భర్తను, బిడ్డలను, తల్లిదండ్రులను పోగొట్టుకొని మతి చెదరిన స్త్రీ ఆమె అని సంప్రదాయం చెబుతుంది. ఆ దుఃఖం గాథగా మారి, వినే ఇతర స్త్రీలకు ఊరట అయింది. కళ చేసే మొదటి మేలు ఇదే: లోపల గడ్డకట్టిన బాధకు అది మాటను, లయను ఇస్తుంది.

రెండవ మేలు శ్వాసకు సంబంధించినది. మహాకశ్యపుడు, మౌద్గల్యాయనుడు వ్యాధిగ్రస్తులైనప్పుడు భగవానుడే వెళ్లి వారికి సప్త బోధ్యంగాలను వినిపించాడు. తాను అస్వస్థుడైనప్పుడు చుందుని చేత చెప్పించుకొన్నాడు. సింహళంలో నేటికీ రోగి పక్కన పరిత్త పఠనం జరుగుతున్నది. ఇది గానం కాదు గాని, స్వరమూ లయా రెండూ అందులో ఉన్నాయి. ఇటలీ శాస్త్రవేత్త బెర్నార్డి బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో 23 మందిచేత లాటిన్ ప్రార్థనను, మణిపద్మ మంత్రాన్ని పలికించారు. రెండు సందర్భాల్లోనూ శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు నెమ్మదించింది. రక్తపోటును సర్దుబాటు చేసే శరీర స్పందన మెరుగుపడింది. క్రైస్తవ ప్రార్థనకూ బౌద్ధ మంత్రానికీ ఒకే ఫలితం వచ్చిందంటే, మహిమ అక్షరాలది కాదు, లయబద్ధమైన శ్వాసది. హేతువును వెదికే మనకు ఇది నచ్చవలసిన ఫలితం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 2019లో 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, వ్యాధుల నివారణలోనూ చికిత్సలోనూ కళలకు పాత్ర ఉన్నదని నివేదించింది. పక్షవాతంతో మాట పడిపోయినవారిలో కొందరు, మాట పలకలేకపోయినా పాటలోని పదాలను పలకగలుగుతారు. ఆ ఆధారంతోనే పాట ద్వారా మాట నేర్పే చికిత్స రూపొందింది. ఇలాగని పాట మందుకు బదులు కాదు. భగవానుడు కూడా జీవకుని వైద్యం స్వీకరించాడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ మలివయస్సులో వయొలిన్ నేర్చుకొన్నారు. మధుమేహంతో శరీరం శిథిలమైన ఆ చివరి రోజుల్లో, 1956 డిసెంబర్ 5 రాత్రి, ఆయన బుద్ధ వందనాన్ని మెల్లగా పాడుకొన్నారని, ఆ రికార్డును పెట్టించుకొని విన్నారని ఆయన వద్ద పనిచేసిన నానక్ చంద్ రత్తు రాశారు. మహారాష్ట్రలో ఉద్యమ సందేశాన్ని చదువురాని ఇళ్లకు చేర్చినవి భీమ్ జల్సాలు. ఊరూరా తిరిగి పాడిన వామన్‌దాదా కర్డక్ వంటి కవిగాయకులు అవమానంతో వంగిన తలలను పైకెత్తించారు. ఆత్మగౌరవం కూడా ఆరోగ్యమే. అవమానాన్ని దిగమింగుకొన్న మనిషికి నిద్ర ఎక్కడిది?

ఇక డప్పు సంగతి. ఊరి చావులకూ జాతరలకూ వెట్టిగా కొట్టించిన వాద్యమది. ఆ వెట్టిని తిరస్కరించడం విముక్తి. డప్పునే పారవేయడం మాత్రం మన పూర్వీకుల నైపుణ్యాన్ని పారవేయడం. అవమానం తోలులో లేదు, కొట్టించిన వ్యవస్థలో ఉన్నది. అమరావతి శిల్పాల్లో విల్లు వంటి వీణలతో పాటు చర్మవాద్యాలు కూడా ఉన్నాయి. బుద్ధుని స్తూపం వాటిని అంటరానివిగా చూడలేదు. పైగా డప్పు వాయించేవారికి సోణుని పాఠం కొత్తది కాదు. చెమ్మగిల్లిన తోలు మోగదు, అతిగా సెగ తగిలితే చిట్లుతుంది. సరిపడా కాచినప్పుడే పలుకుతుంది.

మా మనవి ఇంతే. నెలలో ఒక సాయంత్రం, ఉపోసథ కాని దినాన, ప్రతి విహారంలోనూ సామూహిక గానం జరగాలి. పెద్దలు తమకు తెలిసిన పాటలు పాడాలి, పిల్లలు డప్పు నేర్చుకోవాలి, బొమ్మలు వేసేవారు బొమ్మలు వేయాలి. పోటీలు, బహుమతులు వద్దు. ఎవరు రావడం మానేశారో గమనించి, వారి ఇంటికి వెళ్లి పలకరించాలి. నిద్ర, ఆకలి కోల్పోయినవారిని, బ్రతుకు మీద ఆశ వదులుకొన్నట్లు మాట్లాడేవారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 సంఖ్యలో ఉచితంగా అందుతుంది. ఆ సంఖ్యను విహారం గోడ మీద రాయించాలి.

బిగిసిపోయిన తీగను సడలించడం, సడలిన తీగను బిగించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. సోణునికి కూడా పక్కన కూర్చొని అడిగేవాడు ఒకడు కావలసి వచ్చాడు. సంఘం ఉన్నది అందుకే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.